పరిష్కారం అన్న మాట మా మావయ్యది కాదు

పోయిన నెలలో న్యూటౌన్ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయంలో మన కలకత్తా తెలుగువాళ్లంతా కలుసుకున్నారు. ఈమధ్య ఉద్యోగాలకు వచ్చిన పిల్లలే ఎక్కువ, మా ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్ ఓడరేవు వాడల పాత కుటుంబాల నుంచి నాలాంటి నెరిసిన తలలు కొన్ని. కుర్చీలు వాళ్ల ఈతకొలను పక్కనే వేశారు. భోజనాలయ్యాక, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మైకు పట్టుకుని, బెంగాలీ రాక తాను పడిన అవస్థలన్నీ ఒకదాని తరువాత ఒకటి చెప్పి నవ్వించాడు. బాగానే చెప్పాడు, నేనూ నవ్వాను. చివర్లో కొలను వైపు చెయ్యి చాపి, "ఇది నాది కాదన్నా, మీ డాక్ ఏరియా వాళ్లదే, పాత స్టోరీ" అని మొదలుపెట్టాడు.

ఆ కథ మీలో చాలామందికి తెలుసు. అలీపూర్‌లో ఒక పెద్దింట్లో ఈతకొలను చూసుకునే తెలుగువాడు ఒకడుండేవాడట. యజమాని వచ్చి జొల్ పొరిష్కార్ అని అడిగాడట, అంటే నీళ్లు శుభ్రమేనా అని. మనవాడు అది మన పరిష్కారం అనే మాట అనుకుని, నీళ్ల సమస్య తీరిందా అని అడుగుతున్నాడు కాబోలనుకుని, పొరిష్కార్ పొరిష్కార్ అని తలూపాడట. పిల్లలంతా ఆ మురికినీళ్లలో దిగి జబ్బు పడ్డారట. కుర్రవాడు ఆ తలూపడం కూడా చేసి చూపించాడు, మెడ వదులైపోయిన బొమ్మలాగా. జనం పడీపడీ నవ్వారు. నా పక్కన కూర్చున్న నా ఈడు మిత్రుడు నా తొడ మీద చరిచి, "నీ కథే గదరా బావా, నువ్వు సెప్తే ఇంకా పసందుగుంటాది, లే, నువ్వే సెప్పు" అన్నాడు.

నేను లేచాను, మైకు దగ్గరికి కాదు, గేటు దగ్గరికి. బస్సెక్కి ఖిదిర్‌పూర్ వచ్చేశాను. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు, వాడు విన్నది చెప్పాడు. విని నమ్మినవాళ్ల మీద కోపం, నమ్మడానికి వీలుగా ఆ కథను తయారుచేయించినవాడి మీద కోపం, ఆ పైన ఎవరి మీదో మీరే చూస్తారు. కథలో తలూపిన ఆ తెలుగువాడు మా అమ్మకు స్వయానా తమ్ముడు, నా మేనమామ. ఆయన తలూపలేదు. ఆ మాట అనలేదు. ముప్పై ఏళ్లుగా మనం నవ్వుకుంటున్నది జరగని విషయాన్ని చూసి. మన సంఘం సంచికలో నాకు ఏటా ఏదో ఒకటి రాసే అలవాటు ఉంది కనుక, ఈసారికి పాత ట్రాముల గురించో, డాక్ సైరన్ గురించో కాకుండా ఇది రాస్తున్నాను.

మావయ్య మంచివాడని నిరూపించడం నా ఉద్దేశం కాదు. ఆయన నోరు మంచిది కాదు. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నతనంలోనే తండ్రి వెంట వచ్చి, డాక్‌లో మూటలు మోసి మోసి, నడుము పట్టేశాక అలీపూర్‌లో ఆ ఇంట తోటపనికి కుదిరి, తోటమాలి నుంచి కొలను మనిషిగా మారాడు. ఈత రాదు. మోకాలి లోతు దాటితే మెట్ల పక్కనున్న ఇనుపకడ్డీ వదిలేవాడు కాదు. మధ్యాహ్నం పూట పంపు గదిలో గోనెసంచి పరుచుకుని గుర్రు పెట్టేవాడు. గట్టు మీదికి చెప్పులతో వచ్చినవాళ్లు యజమాని చుట్టాలైనా సరే, మొహం మీద నవ్వు చెక్కుచెదరకుండా తెలుగులో నానా తిట్లూ తిట్టేవాడు. వాళ్లు అదేదో మర్యాద మాట అనుకుని తిరిగి నమస్కారం పెట్టేవారు. ఒకసారి కొలనులో బ్లీచింగ్ మందు ఎక్కువ పోసి ఆ ఇంటి కోడలి ఈతదుస్తుల రంగంతా వెలిసేలా చేశాడు. ఇవన్నీ నిజాలు, ఈ నిజాల మీద ఎవరైనా ఎంతైనా నవ్వుకోవచ్చు. ఆ ఇంట్లో కారు నడిపే పని నాకు ఇప్పించింది కూడా ఆయనే.

కొలను అంటే ఇప్పుడు చూస్తున్నవాటిలా ఊహించుకోకండి. ఇప్పుడు యంత్రం నడుస్తుంది, మందు దానంతటది పడుతుంది, యూనిఫారం వేసుకున్న కాంట్రాక్టరు మనిషి వారానికోసారి వచ్చి చూసిపోతాడు. ఆ రోజుల్లో నీళ్లు గొట్టపుబావివి. మన కలకత్తా గొట్టపుబావి నీళ్లలో ఎంత ఇనుము ఉంటుందో, బట్టలు ఉతికిన ప్రతి తల్లికీ తెలుసు. అవి తోడినప్పుడు బాగానే ఉంటాయి, బ్లీచింగ్ పౌడర్ పడిన గంటకల్లా టీ రంగుకు తిరిగిపోతాయి. అప్పుడు పంపు ఆపి, పటిక కరిగించిన నీళ్లు బకెట్లతో కొలనంతా చల్లి, గాలికి కూడా నీళ్లు కదలకూడదన్నట్టు వదిలేస్తే, తెల్లారేసరికి మడ్డంతా అడుక్కి చేరుతుంది. ఆ మడ్డిని పొడుగు కర్రకు తగిలించిన గొట్టంతో లాగడం అసలు పని. చెయ్యి కాస్త తొందరపడితే అదంతా మళ్లీ పైకి లేచి, రెండు రోజుల కష్టం గంగలో కలుస్తుంది. మడ్డి పోయాక మళ్లీ బ్లీచింగ్ పౌడర్. చివరికి ఒక గాజుగొట్టంలో కొలను నీళ్లు పట్టి అందులో పరీక్ష మందు చుక్కలు వేస్తే పసుపురంగు తిరగాలి, తిరిగితే నీళ్లలో బ్లీచింగ్ బలం ఉన్నట్టు. మావయ్య దాన్ని ఎండకు ఎత్తి చూస్తూ, "పసుపు రాసుకోకుండా పెల్లికూతురు బైటికొస్తాదేటిరా, ఇదీ అంతే" అనేవాడు.

మా ఇళ్లలో నీళ్లకు రెండు మాటలుండేవి, మీ ఇళ్లలోనూ ఉండే ఉంటాయి. కుళాయి నీళ్లు మట్టిరంగులో వచ్చే రోజుల్లో బిందెలో పటిక తిప్పి ఉంచితే, కాసేపటికి నీళ్లు తేరేవి. తేరిన నీళ్లు అద్దంలా ఉంటాయి, అడుగున బిందె సొట్ట కనిపిస్తుంది. అంతమాత్రాన అవి శుభ్రమైనట్టు కాదు. మరిగిస్తేగానీ శుభ్రం కాదు. తేరిన నీళ్లలో గ్లాసు ముంచబోతే మా అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. తేట వేరు, శుభ్రం వేరు, ఇది మాకు చదువుకుని తెలిసిన సంగతి కాదు, దెబ్బలు తిని తెలిసినది. మావయ్యకూ అలాగే తెలుసు.

ఇక జరిగినది. ఆ ఇంటి పెద్దాయన మనవడి పుట్టినరోజుకు పిల్లల్ని పిలిచారు, కొలనే ఆ వేడుకకు ముఖ్యం. రెండు రోజుల ముందు సాయంత్రం కాలబైశాఖి గాలివాన విరుచుకుపడింది. చెట్టు కొమ్మలు పడటం ప్రతి ఏడూ ఉన్నదే, కానీ ఈసారి వెనక సందులో డ్రైను పొంగి, గోడ కింద నుంచి ఆ నీళ్లు కొలనులోకి వచ్చేశాయి. పంపు గదిలోకి కూడా నీళ్లు చేరి బ్లీచింగ్ పౌడర్ డ్రమ్ము తడిసిపోయింది. మావయ్య తిట్టుకుంటూనే పటిక చల్లాడు, మర్నాడంతా మడ్డి లాగాడు. పుట్టినరోజు పొద్దున చూస్తే కొలను ఎంత తేటగా ఉందంటే, అడుగున నీలం పలకల మధ్య సిమెంటు గీతలు కూడా కనిపిస్తున్నాయి. కానీ తడిసిన మందులో బలం లేదు. డ్రమ్మంతా ఒలకబోసినా గాజుగొట్టంలో పసుపు రాలేదు. ఆదివారం కనుక ఆ మందు అమ్మే దుకాణం మూసి ఉంది.

పెద్దాయన వరండాలో టీ తాగుతున్నాడు. నేను కారు తాళాలతో పక్కనే నిలబడి ఉన్నాను. మావయ్య వచ్చి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, ఈ రోజు పిల్లల్ని దింపొద్దు బాబూ అన్నాడు. బెంగాలీలోనే అన్నాడు, డాక్‌లో నేర్చిన మొరటు బెంగాలీ, కానీ ఎవరికైనా అర్థమయ్యే బెంగాలీ. పెద్దాయన కొలను వైపు చూసి, అడుగు కనిపిస్తూనే ఉంది కదా అన్నాడు. మావయ్య అన్నమాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "దేఖా జాచ్ఛే బాబూ, కింతు పొరిష్కార్ నా." కనిపిస్తోంది బాబూ, కానీ శుభ్రం కాదు. పొరిష్కార్ కాదు అని ఆయనే ఆ మాట వాడి మరీ చెప్పాడు. పెద్దాయన వార్తాపత్రిక తిప్పుకుంటూ ఉంటే, నా వైపు తిరిగి, "ఒరే, తేరింది గానీ సుబ్బరం అవనేదురా. డ్రైను నీల్లు కలిసిపోనాయి. నువ్వైనా సెప్పు ఈ బాబుకి, నా మాట గాలికి పోతంది" అన్నాడు. నేను చెప్పాను. అక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, నా బెంగాలీకి వంక పెట్టేవాళ్లు లేరు. మురుగునీరు కలిసింది, మందు పనిచెయ్యడం లేదు అని విడమరిచి చెప్పాను. పెద్దాయన కప్పు కింద పెట్టి, పిల్లలు దారిలో ఉన్నారు, ఇప్పుడు వద్దంటే ఏం బాగుంటుంది, చూడ్డానికి ఇంత స్వచ్ఛంగా ఉంటే ఎవరడుగుతారు అన్నాడు. అని లోపలికి వెళ్లిపోయాడు. ఇదీ జరిగినది. ఇందులో ఏ భాషకూ ఏ పొరపాటూ లేదు.

పిల్లలు మధ్యాహ్నమంతా ఆడారు. మావయ్య పంపు గది గుమ్మంలో కూర్చుని, ఆ రోజు నిద్ర కూడా పోకుండా, నీళ్లు మింగకండర్రా అని తన మొరటు బెంగాలీలో అరుస్తూనే ఉన్నాడు. వాళ్లు ఆయన్ని చూసి వేళాకోళం చేస్తూ నోటితో నీళ్లు చిమ్మారు. ఆ తరువాత ఒక్కో ఇంటి నుంచీ కబుర్లు మొదలయ్యాయి. కళ్లు వాచాయి, విరేచనాలు, జ్వరం. పెద్దాయన సొంత తమ్ముడి కూతుర్ని నర్సింగ్‌హోమ్‌లో పెట్టారు. పాప చివరికి కోలుకుంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ కోలుకుంటుందో లేదో తెలియని ఒక పొద్దున, ఆ తండ్రి వచ్చి డ్రాయింగ్ రూములో నిలబడి, నీళ్లు బాగున్నాయని ఎవరు చెప్పారో చెప్పి తీరాలి అని అరిచాడు.

అంతకు కాస్త ముందే పెద్దాయన నన్ను కారు షెడ్డులోకి పిలిచాడు. బెదిరించలేదు, బతిమాలలేదు. మీ మావయ్య కావాలని చేశాడని ఎవరూ అనడం లేదు, ఏదో మీ భాషలో గందరగోళం జరిగిందని చెప్తే చాలు, తమ్ముడు చల్లబడతాడు అన్నాడు. అంతే అన్నాడు. డాక్ పక్క కంపెనీలో పర్మనెంటు డ్రైవరు ఉద్యోగానికి నా గురించి చెప్తానని ఆయన అంతకు ముందే మాట ఇచ్చి ఉన్నాడు. ఆ సంగతి ఆ పూట ఆయన ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ లేదు.

గందరగోళం అన్నది ఆయన మాట. దాన్ని కథ చేసింది నేను. సంఘం రీడింగ్ రూములో ఒక రోజు ఆలస్యంగా వచ్చే తెలుగు దినపత్రికను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివే అలవాటు నాకుండేది. కార్మికుల సమస్యలకు పరిష్కారం, తాగునీటికి శాశ్వత పరిష్కారం, ఇలాంటి శీర్షికలు రోజూ చూసేవాణ్ణి. డ్రాయింగ్ రూములో ఆ తండ్రి ఎదుట నిలబడినప్పుడు ఆ మాట నా నోటికి తయారుగా వచ్చింది. మా తెలుగులో పరిష్కారం అంటే సమస్య తీరడం బాబూ, మా మావయ్య అలా అనుకుని ఔనన్నాడు అన్నాను. అంత కోపంలో ఉన్న మనిషి ఒక్క క్షణం ఆగి, ఏమిటీ, మళ్లీ చెప్పు అన్నాడు. మళ్లీ చెప్పాను. ఈసారి తల కూడా ఊపి చూపించాను. ఆయన నవ్వాడు. కూతురు ఆసుపత్రిలో ఉన్న మనిషి నవ్వాడు, పెద్దాయన నవ్వాడు, గుమ్మంలో నిలబడ్డ వంటమనిషి కూడా నవ్వింది. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషంలో నా తెలివికి నాకే ముచ్చటేసింది.

వెనక్కి తిరిగితే వరండా మెట్ల మీద మావయ్య ఉన్నాడు. పిలిచారని వచ్చి అక్కడే ఆగిపోయాడు. చేతిలో ఆకులు తీసే వల ఇంకా ఉంది. అందరూ నవ్వుతుంటే ఆయన నా మొహంకేసి చూసి, నిజంగా తెలుసుకోవాలన్నట్టుగా, మెల్లగా అడిగాడు.

"పరిస్కారం అంటే ఏటిరా?"

ఆయనకు చదవడం రాదు. ఆ మాట ఆయన జన్మలో వినలేదు. మా ఇళ్లలో సమస్య అనే మాటే లేదు, బాధ అంటాం, గొడవ అంటాం, అది తీరింది అంటాం, లేకపోతే తీరలేదు అంటాం. పరిష్కారం పత్రికల మాట, సభల్లో మాట. అదే పొరిష్కార్ అయితే, ఇల్లూడ్చే మనిషి నోట, చేపలమ్మే మనిషి నోట, బస్సు కండక్టరు నోట, ఖిదిర్‌పూర్‌లో పెరిగిన ప్రతివాడూ రోజుకు పదిసార్లు వింటాడు. తెలిసిన మాటను విని, తెలియని మాట అని ఎవడైనా ఎలా పొరబడతాడు? ఇంత చిన్న ప్రశ్న ఆ బాబులకు రాలేదంటే అర్థం చేసుకోగలను, వాళ్లకు మనమంటే ఎప్పుడూ తలలూపే మద్రాసీలమే. మనవాళ్లకు ఎందుకు రాలేదు? మన వాడలో పుట్టి, మన అమ్మల చేతి దెబ్బలు తిని, తేటకూ శుభ్రానికీ తేడా తెలిసిన మీకు ఎందుకు రాలేదు? ముప్పై ఏళ్లుగా ఎంత సుఖంగా నవ్వారు, మనవాడు తెలివితక్కువవాడని ఎంత తేలిగ్గా ఒప్పుకున్నారు.

ఇలా అడిగే హక్కు నాకు లేదని మీరనొచ్చు. వాడలో ఆ కథ మొదట చెప్పింది నేనే మరి. మావయ్య పని పోయిందేమని అడిగినవాళ్లకు చెప్పాను, తరువాత అడగనివాళ్లకు కూడా చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, చర్చి పిక్నిక్‌లో మెడ ఊపి మరీ చెప్పాను. పెద్దాయన తమ్ముడు తన క్లబ్బులో చెప్పాడు కనుక అలీపూర్‌లో ఇంకెవరూ ఆయన చేతికి కొలను ఇవ్వలేదు. వాడలో పిల్లలు ఆయన్ని పరిష్కారం మావా అని పిలిచేవారు. ఆయన వాళ్ల వెంటపడి తిట్టేవాడు, వాళ్లకు అదొక ఆట. మేడల మీద నీళ్ల ట్యాంకులు కడుగుతూ కొన్నాళ్లు బతికి, దగ్గుతో పోయాడు. నాతో మాట్లాడటం ఎప్పుడూ మానలేదు, ఆ విషయం మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. నా ఉద్యోగం పోకూడదనే ఆయన ఎవరికీ చెప్పలేదని చాలాకాలం నమ్ముతూ వచ్చాను. అలా నమ్మడం నాకు హాయిగా ఉండేది.

న్యూటౌన్ నుంచి వచ్చిన వారం, ఏక్‌బాల్‌పూర్‌లో మా అత్త దగ్గరికి వెళ్లాను. మావయ్య భార్య, చిన్నకొడుకు దగ్గర ఉంటోంది, దర్జీ దుకాణం పైన ఒక గది. నన్ను చూస్తూనే, "ఏటిరా, సెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు, మీ ఆవిడ తిండెట్టడం మానేసిందేటి?" అని నవ్వి స్టవ్ మీద టీ పెట్టింది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టి, వరండాలో మాట, కారు షెడ్డులో మాట, డ్రాయింగ్ రూములో మాట, అన్నీ వరుసగా చెప్పేశాను. ఆవిడ మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చింది.

"ఆ మాట నువ్వు పుట్టించేవా?"

ఔనన్నాను. టీ పొంగి స్టవ్ మీద పడుతున్నా ఆవిడ చూడలేదు. నేను మోకాళ్ల మీద కూర్చుని స్టవ్ ఆపాను. ఆవిడ నాతో కాదు, గోడతో చెబుతున్నట్టు అంది.

"నాను అడిగేను మీ మావని. ఆయనేటో, నాను ఆ మాట అననేదే, ఆడే కట్టేడు అన్నాడు. ఆడపడుచు కొడుకు మీద నిందేస్తావేటి, సేసిన తప్పు ఒప్పుకో అని నానే నోరు మూయించేను. ఇంకెప్పుడూ ఎత్తనేదు ఆయన. సచ్చిపోయినదాకా తెలివితక్కువోడా అనే పిలిచేను ఆ మనిసిని."

చెప్పాడన్నమాట. చెప్పవలసిన ఒక్క మనిషికీ చెప్పాడు, నా మీద నమ్మకంతో ఆవిడ ఆయన్ని నమ్మలేదు. నేను అత్తా అని ఏదో అనబోయాను. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని లేచి, గిన్నెలో మిగిలిన టీ గ్లాసులో పోసి నా ముందు పెట్టింది.

"నాకేటి సెప్తారు. నవ్వినోల్లకి సెప్పండి" అంది.

అందుకే ఇది మీకు చెబుతున్నాను. ఎవరైనా ఇంకెప్పుడైనా ఆ కథ మొదలుపెడితే, దయచేసి అక్కడే ఆపండి. అది మా మావయ్య కథ కాదు, నాది. నవ్వాలంటే నా పేరు పెట్టి నవ్వండి.

కలకత్తాలో చాలా మారాయని మనం కలిసినప్పుడల్లా లెక్కలు వేసుకుంటాం. అలీపూర్‌లో ఆ ఇల్లు పడగొట్టి అంతస్తులు లేపారు, డాక్‌లో మనవాళ్లు మోసిన బరువులు ఇప్పుడు క్రేన్లు మోస్తున్నాయి, మన మనవలు బెంగాలీలోనే కలలు కంటున్నారు. వీటి గురించి మీతో కూర్చుని నిట్టూర్చడం నాకూ ఇష్టమే, కానీ ఇప్పుడు నా మనసు అక్కడ లేదు. పుట్టినప్పటి నుంచి నన్ను ఒరే అని పిలిచిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి, చివరికి ఆవిడ ఒక్కతే మిగిలింది. మొన్న ఆదివారం చర్చి బయట కనిపించింది. పక్కన అందరూ ఉన్నారు, ఆవిడే దగ్గరికి వచ్చి, "బాగున్నారా" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపు కొడుకు చెయ్యి పట్టుకుని, మెట్లు చూసుకుంటూ దిగిపోయింది.